జోలపాటకు జమ

ఎంత పొద్దెక్కినా పొగమంచు లేవనంటూ ఏటి మీదే కునుకు తీసే ఒకానొక రాజ్యంలో తుషారపురం అనే నగరం ఉండేది. ఏటి ఒడ్డున పెద్ద కొండరాయి, ఆ రాయి మీద రాజుగారి కోట, రాయి కింద అద్దకపువాళ్ళ వాడ. వాళ్ళు బట్టలకు రంగులద్ది ఇసుక తిన్నెల మీద ఆరేస్తే, మంచులోంచి చూసేవాళ్ళకు ఏరే కాసేపు నీలంగా, కాసేపు ఎర్రగా, కాసేపు పసుపుగా మారుతున్నట్టు కనిపించేది. బాటసారులు ఆ ఊరు దాటి చాలా దూరం వెళ్ళాక, "మనం ఆ ఊరు నిజంగా చూశామా, కలగన్నామా?" అని ఒకరినొకరు అడిగేవాళ్ళట.

ఊరు కలలాంటిదే గాని పన్ను మాత్రం నిజమైనదే. ఏడాదికొకసారి ప్రతి ఇంటివాళ్ళూ చావడికి వెళ్ళి తమ ఆదాయం ఎంతో చెప్పాలి. అందులో ఆరో వంతు రాజుగారిది.

అయితే పాత మహారాజు మనసున్న మనిషి. ఆరో వంతు లెక్క తేలాక, ఆ కట్టవలసిన పన్నులోంచే కొంత ఆపేసుకోమని ఏర్పాటు చేశాడు. దానికి జమ అని పేరు పెట్టాడు. ఇంట్లో చంటిపిల్లలుంటే పసిజమ. పిల్లల్ని చదువుకు పంపితే బడిజమ. పని చేయలేని ముసలివాళ్ళను సాకుతుంటే పెద్దలజమ. తల్లి పనికి పోతూ బిడ్డను చూసుకునే మనిషికి కూలి ఇస్తుంటే దానికీ కొంత జమ ఉండేది. మరీ తక్కువ సంపాదించేవాళ్ళకు కూలిజమ. అది వాళ్ళు కట్టవలసిన పన్నును మించిపోతే, ఆ మిగిలింది ఖజానాయే ఎదురిచ్చి పంపేది. అందుకని పన్ను కట్టే రోజున కూడా తుషారపురంలో జనం నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళేవాళ్ళు.

పాత మహారాజు కాలం చేశాడు. ఆయన కొడుకు కీర్తిధ్వజుడు సింహాసనం ఎక్కాడు.

కీర్తిధ్వజుడు చెడ్డవాడు కాదు. కాని తన గొప్ప తాను వింటూ ఉంటే తప్ప ఆయనకు తోచేది కాదు. భోజనానికి కూర్చుంటే ముందు బిరుదులన్నీ చదవాలి. చదవడం పూర్తయ్యేసరికి అన్నం చల్లారిపోయేది. చల్లారిన అన్నమే తినేవాడు గాని ఒక్క బిరుదు తగ్గనిచ్చేవాడు కాదు. అలాంటి రాజుకు ఒకనాడు ఏటి నడుమ చంద్రకాంత శిలలతో మండపం కట్టించాలని కోరిక పుట్టింది. మంచులో ఆ మండపం తేలుతున్నట్టు ఉంటుందనీ, అందులో తాను కూర్చుంటే దేవతలు కూడా దిగివచ్చి చూస్తారనీ అనుకున్నాడు.

మండపానికి పైకం చాలలేదు. కోశాధికారి శంఖపాలుణ్ణి పిలిపించాడు.

శంఖపాలుడు నిప్పులాంటి మనిషి. ఖజానాలో దమ్మిడీ ముట్టుకుని ఎరగడు. కాని ఖజానాలోకి వచ్చే ప్రతి కాసూ ఆయనకు చుట్టంలాగా, బయటికి పోయే ప్రతి కాసూ పగవాడిలాగా కనిపించేది. చాలా కాలంగా ఆయన మనసులో ఉన్న మాట అప్పుడు బయటపెట్టాడు.

"మహారాజా, జమల పేరుతో ఏటా బోలెడంత పైకం ఆగిపోతోంది. వాటిని ఎత్తేస్తే మండపం కట్టి, చుట్టూ పూలతోట కూడా వేయవచ్చు."

రాజుకు ఆ మాట నచ్చింది. నిండు సభలో ప్రకటించాడు. "ఇకమీదట ఆదాయం ఎంతో, అందులో ఆరో వంతు ఎంతో, అంతే లెక్క. ఇంట్లో ఎందరున్నారు, ఎవరిని ఎవరు సాకుతున్నారు అన్నది సింహాసనానికి అనవసరం."

సభలో అందరూ తలలూపారు. ఒక్క బయ్యన మాత్రం చిన్నగా దగ్గాడు.

బయ్యన ఆ సభలో చమత్కారి. అమ్మానాన్నా ఎవరో తెలియని ఆ మనిషిని పాత మహారాజు చేరదీసి, మాటల్లో నేర్పు చూసి కొలువులో పెట్టుకున్నాడు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. కోటగోడ మూలన చిన్న ఇంట్లో ఒక్కడే ఉండేవాడు.

"ఏం బయ్యనా, గొంతులో ఏమైనా అడ్డం పడిందా?" అన్నాడు రాజు.

"మాట అడ్డం పడింది ప్రభూ. జమలు తీసేస్తే జనం ఇబ్బంది పడతారేమోనని."

"జనం పిల్లల్ని కంటే నాకేం వచ్చింది? ముసలమ్మను సాకితే నాకేం వచ్చింది? వాళ్ళ దగ్గర నేను పుచ్చుకున్నదేమీ లేనప్పుడు నేనెందుకు జమ కట్టాలి?"

"పుచ్చుకున్నారేమో. తమకు గుర్తులేదేమో."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "అయితే చూపించు."

శంఖపాలుడు వెంటనే అందుకున్నాడు. "చూపించడమంటే కథలు చెప్పడం కాదు బయ్యనగారూ. పుచ్చుకున్నవారు తమ నోటితో తాము పుచ్చుకున్నామని ఒప్పుకోవాలి. ఖజానాలో అదే చెల్లు."

"విన్నావుగా," అన్నాడు రాజు. "ఆ పిల్లల దగ్గరో ముసలమ్మల దగ్గరో నేను ఏదైనా పుచ్చుకున్నానని నా నోటితో నేను చెప్పిన రోజున జమలన్నీ తిరిగి ఇస్తాను. అంతవరకూ ఆ మాట నా సభలో ఎత్తవద్దు."

బయ్యన తల వంచి కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే ఏదో మాట తోచి అనేశాడు, అంతే.

ఆ ఏడు జనం పూర్తి పన్ను కట్టారు. ఎవరూ గొడవ చేయలేదు. కొందరు పశువులమ్ముకున్నారు, కొందరు పిల్లల్ని బడి మాన్పించారు. మండపానికి పునాదులు పడ్డాయి.

కొద్దికాలానికే రాజుకు నిద్ర పట్టడం మానేసింది.

మొదట్లో ఎండలే కారణమన్నారు. తరువాత దిండు మెత్తనిది కాదన్నారు. వైద్యులు తలకు చందనం పట్టించారు, అరికాళ్ళకు నేతితో మర్దన చేశారు, గసగసాల పాలు తాగించారు. రాజు కళ్ళు మూసుకుంటే కనురెప్పల వెనుక మండపమే వచ్చి కూర్చునేది. ఆస్థాన గాయకుణ్ణి పిలిపించి పడకగదిలో పాడించారు. ఆయన పాట అంత గొప్పగా ఉండేసరికి, రాజు లేచి కూర్చుని తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టాడు.

నిద్రలేని రాజు సభకు వచ్చి పగటిపూట తూగేవాడు. ఒకసారి అలా తూగుతూనే వంటవాడికి సేనాపతి పదవి ఇచ్చాడు. ఇంకోసారి తన బిరుదులు తానే మరిచిపోయి, చదివేవాణ్ణి ఆపి, "ఇవన్నీ ఎవరివి?" అని అడిగాడు. కళ్ళ కింద నల్లని గీతలు పడ్డాయి. భోజనం తగ్గింది. వైద్యులు పక్కకు వెళ్ళి గుసగుసలాడుకోవడం మొదలుపెట్టారు.

చివరికి రాజు సభలో అన్నాడు. "నాకు ఒక్కసారి, ఒక్కసారి మునుపటిలాగా నిద్ర పట్టించినవారికి ఆ మండపం ఖరీదంతా ఇచ్చేస్తాను. శంఖపాలా, ఈ మాట గుర్తుపెట్టుకో."

గుర్తుపెట్టుకోవడంలో శంఖపాలుణ్ణి మించినవారు లేరు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం బయ్యన రంగు వేయడానికి ఇచ్చిన తన ఉత్తరీయం కోసం అద్దకపువాడకు దిగాడు. నీలసాని అనే ఆవిడ అతనికి ఎప్పుడూ రంగు వేసి పెట్టేది. భర్త జ్వరంతో పోయాక, ఇద్దరు పిల్లల్నీ అత్తనూ పెట్టుకుని నీలిమందు తొట్టి నడుపుకుంటోంది.

బయ్యన వెళ్ళేసరికి నీలసాని మోచేతుల దాకా నీలంతో తొట్టి కలుపుతోంది. పెద్దపిల్ల పక్కన కూర్చుని అద్దకానికి కరక్కాయలు దంచుతోంది. చీర ఉయ్యాలలో చంటివాడు ఏడుస్తున్నాడు.

"పిల్ల బడికి పోవడం లేదా?" అన్నాడు బయ్యన.

"మానిపించానయ్యా. అదీ ఓ చెయ్యి వేయకపోతే గడవదు."

"మీ అత్తగారు కనపడదేం?"

నీలసాని తొట్టి కలపడం ఆపలేదు. "ఏరు దాటి మా ఆడబిడ్డ ఊరికి వెళ్ళిపోయింది. ఎవరూ పొమ్మనలేదు. పెద్దలజమ, పసిజమ ఏవీ లేవని చావడిలో చెప్పిన రోజున ముద్ద ముట్టలేదు. తెల్లారేసరికి మూట కట్టుకుంది. తన తిండి మిగిలితే పిల్లవాడికి పాలు వస్తాయంది. వద్దు అత్తా అని కాళ్ళు పట్టుకున్నాను. ఆగలేదు."

"మరి వీణ్ణి ఎవరు నిద్రపుచ్చుతున్నారు?"

"ఏడ్చి ఏడ్చి వాడే పడుకుంటాడు. ఆవిడుంటే పొద్దు వాలగానే ఒళ్ళో వేసుకుని పాడేది. నాకు తొట్టి కలుపుతుంటే పాడటానికి ఊపిరెక్కడిది? ఈ వాడలో అందరిదీ అంతే. ముసలివాళ్ళు సగంమంది లేరు. ఉన్నవాళ్ళు కూలికి పోతున్నారు."

బయ్యన గుమ్మంలో నిలబడి విన్నాడు. వాడంతా రోకళ్ళ చప్పుడు, తొట్ల చప్పుడు. ఎక్కడో మరో పసివాడి ఏడుపు. మంచు మెల్లగా ఏటి మీదికి దిగుతోంది. మునుపు ఈ వేళకు ఇక్కడ ఏదో ఉండేది. ఏమిటది అని ఆలోచించాడు. ఇంటింటికీ ఒక గొంతు, ఏ గొంతూ విడిగా వినపడకుండా, అన్నీ కలిసి ఏటి తడితో పాటు పైకి లేచేవి. తానూ రోజూ కోటగోడ దగ్గర విన్నాడు. విన్నానని తనకే తెలియదు.

తల ఎత్తి చూశాడు. సరిగ్గా పైన, కొండరాయి అంచున, రాజుగారి పడకగది కిటికీ తెరిచి ఉంది.

బయ్యన ఉత్తరీయం తీసుకోవడం కూడా మరిచిపోయి ఇసుక మీద చాలాసేపు కూర్చున్నాడు.

మరునాడు సభలో లేచి నిలబడ్డాడు. "ప్రభూ, నిద్ర దొరికే చోటు నాకు తెలిసింది. అయితే అది నాది కాదు. నేను దారి మాత్రం చూపిస్తాను. దాని సొంతదారులకు తమరు అన్న ధర అన్నట్టే ఇవ్వాలి."

"ఇస్తాను. ఎవరిదైతే వారికే ఇస్తాను," అన్నాడు రాజు, తూగుతూనే.

"ధర తేల్చే చోట నేనుండాలి," అన్నాడు శంఖపాలుడు.

"తప్పకుండా ఉండాలి. మీరు లేకపోతే ఈ బేరం కుదరదు," అన్నాడు బయ్యన.

పాత మహారాజు ఇచ్చిన బంగారు కంకణం ఒకటి బయ్యన చేతికి ఉండేది. అది అమ్మేశాడు. ఆ పైకంతో వాడలో ఇంటింటికీ ఒక పూట కూలి ఇచ్చి, రేపు సాయంత్రం తొట్లు ఆపి పిల్లల దగ్గర కూర్చోమన్నాడు. ఏరు దాటి, ఊళ్ళు పట్టిపోయిన ముసలివాళ్ళను పేరుపేరునా వెతికాడు. నీలసాని అత్త మాచమ్మ తన కూతురి ఇంటి అరుగు మీద కనిపించింది.

"అవ్వా, ఒక్క సాయంత్రం ఇంటికి రావాలి," అన్నాడు బయ్యన.

"ఎందుకు నాయనా?"

"పాడటానికి."

"ఎవరికి?"

రాజుగారికి అనబోయి ఆగాడు. ఆ ముఖం చూస్తే అబద్ధం కాకపోయినా ఆ మాట చెప్పాలనిపించలేదు. "నీ మనవడికి," అన్నాడు.

మాచమ్మ కాసేపు చేతులు చూసుకుంది. "వాడికైతే వస్తాను. వాడు నన్ను మరిచిపోయాడో ఏమో."

మరునాటి సాయంత్రం పొద్దు వాలుతుండగా ఏటి ఒడ్డుకు చిన్న పడవ వచ్చింది. బయ్యన తెడ్డు పట్టుకున్నాడు. రాజు మామూలు శాలువా కప్పుకుని ఎక్కాడు. శంఖపాలుడు పంచె తడవకుండా ఎత్తిపట్టుకుని ఎక్కాడు.

"బిరుదులు చదివేవాడు రాలేదేం?" అన్నాడు రాజు.

"చిన్న పడవ ప్రభూ. తమరి బిరుదులు కూడా ఎక్కితే మునిగిపోతుంది."

రాజుకు కోపగించుకునే ఓపిక కూడా లేదు. పడవ ఇసుక విడిచి మెల్లగా కదిలింది. మంచు వచ్చి చుట్టూ మూసుకుంది. కోట కనిపించలేదు, ఒడ్డు కనిపించలేదు. నీళ్ళెక్కడ ఆగి గాలి ఎక్కడ మొదలైందో తెలియలేదు. కాసేపటికి ఆ తెల్లదనంలో ఒక దీపం వెలిగింది. దాని పక్కన ఇంకొకటి. అవి అద్దకపువాడ ఇళ్ళు. కాని దూరం నుంచి చూస్తే నీళ్ళలోంచి ఒక్కొక్కటే పూస్తున్న పువ్వుల్లా ఉన్నాయి.

అప్పుడు ఎక్కడో ఒక ముసలి గొంతు సన్నగా లేచింది. జో జో అని. దానిలో రాగం సరిగ్గా ఉందని చెప్పలేం. మధ్యలో దగ్గు వచ్చింది, మళ్ళీ అందుకుంది. దాని వెనకే ఇంకో ఇంట్లో మరో గొంతు, ఆ పైన ఇంకొకటి. అన్నీ మంచులో తడిసి, అంచులు కరిగి, ఒకే పాటగా ఏటి మీద పరుచుకున్నాయి. పడవ ఆ పాటకే ఊగుతున్నట్టు ఉంది.

ముందుగా శంఖపాలుడు గురక పెట్టాడు.

రాజు అతని వైపు చూసి ఏదో అనబోయాడు. ఆవులింత వచ్చింది. శాలువా గడ్డం దాకా లాక్కుని పడవ అడుగున ఒదిగిపోయాడు.

ఆయనకు కల వచ్చింది. కలలో తాను చాలా చిన్నవాడు. ఎవరిదో ఒడిలో ఉన్నాడు. ముఖం తెలియదు గాని చేతుల వాసన తెలుసు. ఒంటి మీద ఎండుటాకుల్లాగా ఏవేవో అతుక్కుని ఉన్నాయి. చూస్తే అవి తన బిరుదులు. ఆ చేతులు ఒక్కొక్క ఆకునే మెల్లగా తీసి నీళ్ళలో వదిలేస్తున్నాయి. ఒక్కటి తీసినప్పుడల్లా ఒళ్ళు తేలికైంది. అన్నీ పోయాక ఇంకేమీ మిగలలేదు. ఏమీ మిగలకపోవడం ఇంత హాయిగా ఉంటుందని ఆయనకు తెలియదు.

కళ్ళు తెరిచేసరికి తెల్లవారింది. పడవ ఇసుకతిన్నెకు ఆని ఉంది. మంచులో ఎర్రని ఎండ. దూరంగా నీలసాని బట్టలు పరుస్తోంది. పడవకు దగ్గరలో ఒక ముసలామె చంటివాణ్ణి చంకనేసుకుని నిలబడి ఉంది. ఆమె మాచమ్మ. రాజును ఆమె ఎన్నడూ దగ్గరగా చూసి ఉండలేదు.

"పడవలోనే పడుకున్నావా నాయనా?" అంది రాజుతో. "కళ్ళు గుంటలు పడ్డాయి. ఇంట్లో చూసేవాళ్ళెవరూ లేరా?"

కీర్తిధ్వజుణ్ణి ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చంటివాడు చేయి చాచి ఆయన మీసం పట్టుకుని లాగాడు. రాజు మీసం విడిపించుకోకుండా అలాగే ఉండిపోయాడు.

మాచమ్మ పిల్లవాడి చేయి విడదీసి నీలసాని దగ్గరికి నడిచింది. రాజు తడి ఇసుక మీదికి దిగాడు.

"బయ్యనా, రాత్రి నాకు వినిపించింది ఏమిటి?"

"జోలపాటలు ప్రభూ. ఆ ఇళ్ళలో ముసలివాళ్ళు, తల్లులు పాడినవి."

"అది నాకు కొత్త కాదు." రాజు గుర్తు తెచ్చుకుంటూ కొండరాయి వైపు చూశాడు. "సింహాసనం ఎక్కిన దగ్గర నుంచీ సాయంత్రం కాగానే నా కిటికీలోంచి వచ్చేది. ఏటి చప్పుడనుకున్నాను. ఆ చప్పుడు వింటూనే నిద్రపోయేవాణ్ణి. తరువాత ఎప్పుడో ఆగిపోయింది."

"అంటే తమరు రోజూ పుచ్చుకున్నారా?"

"పుచ్చుకున్నాను."

బయ్యన పడవ వైపు తిరిగాడు. "కోశాధికారిగారూ, విన్నారా?"

శంఖపాలుడు అప్పుడే కళ్ళు నులుముకుంటూ దిగాడు. వినలేదంటే సరిపోయేది. కాని ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. "విన్నాను," అన్నాడు. కాసేపాగి, "చెల్లు," అన్నాడు. మరికాసేపాగి, "నేను కూడా నిద్రపోయాను. కాబట్టి నేనూ పుచ్చుకున్నట్టే," అన్నాడు.

"అయితే ధర?"

శంఖపాలుడు వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ లెక్క వేశాడు. ఒక్క నిద్ర ఖరీదు ఒక మండపం. రాజుగారు సింహాసనం ఎక్కిన నాటి నుంచి ఆ పాట వింటూ పోయిన నిద్రలన్నీ లెక్కపెట్టబోయి మధ్యలోనే ఆయన ముఖం పాలిపోయింది. "మహారాజా, ఈ వాడవాళ్ళకు మనం పడిన బాకీ తీర్చాలంటే కోట అమ్మినా చాలదు."

రాజు వెన్ను నిటారైంది. పాత దర్పం ఒక్కసారి కళ్ళలోకి వచ్చింది. "బయ్యనా, నన్ను వలలో వేశావు."

"నేను వేసిందేముంది ప్రభూ? ధర తమరే చెప్పారు. పుచ్చుకున్నానని తమరే చెప్పారు. నేను పడవ నడిపాను, అంతే."

ఎండ కొంచెం పైకి వచ్చింది. నీలసాని పరిచిన బట్ట మీద నీలం మెరుస్తోంది. మాచమ్మ ఒడిలో పిల్లవాడు మళ్ళీ నిద్రలోకి జారుతున్నాడు.

"వాళ్ళు కోట అడగడం లేదు," అన్నాడు బయ్యన మెల్లగా. "తమ తండ్రిగారు ఈ ఏర్పాటుకు దానమని పేరు పెట్టలేదు. జమ అని పెట్టారు. బిడ్డను పెంచినవాళ్ళు, ముసలివాళ్ళను సాకినవాళ్ళు రాజ్యానికి ఇవ్వవలసింది ముందుగానే ఇచ్చేశారు. ఆ ఇచ్చినదాన్ని పన్నులో కలుపుకోవడమే జమ. ఆయనకు ఆ సంగతి ఎలా తెలిసిందో నాకు తెలియదు. ఆయన కూడా ఆ గదిలోనే పడుకునేవారు మరి."

శంఖపాలుడు గొంతు సవరించుకున్నాడు. "పాడేవాళ్ళ సంగతి సరే. ఇంట్లో ఎవరికీ గొంతు లేనివాళ్ళున్నారు. వాళ్ళకు పసిజమ ఎందుకు ఇవ్వాలి?"

"వాళ్ళ పిల్లవాడు ఆకలికి గుక్కపెట్టి ఏడుస్తుంటే, పక్కింటి పాట కోట దాకా వినపడుతుందా?"

శంఖపాలుడు న్యాయంగా ఆలోచించాడు. "వినపడదు. మరి బడిజమ సంగతి? బడిపిల్లలు జోలపాటలు పాడరు కదా?"

"వాళ్ళు చదువుకోకపోతే మీ తరువాత ఖజానా లెక్కలు చూసేవాళ్ళు ఉండరు. ఎంత ముసలివారైనా మిమ్మల్నే మోసుకొచ్చి కూర్చోబెట్టవలసి వస్తుంది."

శంఖపాలుడికి అప్పటికే మోకాళ్ళ నొప్పులు. "బడిజమ ఉండవలసిందే మహారాజా," అన్నాడు వెంటనే.

రాజు పెదవుల మీద నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది. ఆయన మాచమ్మ దగ్గరికి నడిచాడు. తానెవరో చెప్పలేదు. "అవ్వా, నువ్వు ఈ ఊళ్ళోనే ఉండిపోతావా?" అని అడిగాడు.

"ఉండాలనే ఉంది నాయనా. ఉండనిస్తే."

"ఉండు," అన్నాడు రాజు.

ఆ రోజే జమలన్నీ తిరిగి వచ్చాయని చాటింపు వేశారు. ఆ ఏడు జమలు ఇవ్వకుండా ఎక్కువగా వసూలు చేసిన పైకం ఎవరిది వారికి చేరింది. మండపం పని ఆపేశారు. ఏటి నడుమ లేచిన పునాది రాళ్ళ మీద ఇప్పుడు అద్దకపువాళ్ళు చీరలు ఆరేసుకుంటున్నారు. నీలసాని కూతురు మళ్ళీ పలక పట్టుకుంది. ఏరు దాటి వెళ్ళిన ముసలివాళ్ళు ఒకరి వెంట ఒకరు, కొందరు నడిచి, కొందరు పడవల్లో, మంచులోంచి ఇంటికి వచ్చారు. దూరం నుంచి చూస్తే వాళ్ళు ఎక్కడినుంచో రావడం లేదు, మంచే మనుషులై నడిచి వస్తున్నట్టు ఉంది.

రాజు కళ్ళ కింద గీతలు పోయాయి. ఒకనాడు నిండు సభలో బయ్యనను పిలిచాడు.

"అందరి బాకీ తీరింది గాని నీది తీరలేదు. నీ కంకణం అమ్ముకున్నావని విన్నాను. ఇదిగో," అని బంగారు కంకణం, దానితోపాటు పట్టు సంచీ నిండా నాణేలు అతని చేతిలో పెట్టాడు.

బయ్యన దండం పెట్టి పుచ్చుకున్నాడు. శంఖపాలుడు లేచి నిలబడ్డాడు.

"బహుమతి కూడా ఆదాయమే బయ్యనగారూ. ఆరో వంతు పన్ను కట్టాలి."

సభలో కొందరు ముఖాలు తిప్పుకుని నవ్వారు.

"కడతాను," అన్నాడు బయ్యన. "అయితే అందులో నాకు రావలసిన జమలు తీసేయండి."

"మీకేం జమలు? మీకు పెళ్ళి లేదు, పిల్లల్లేరు. సాకవలసిన పెద్దలూ లేరు."

"నేను ఒకరిని నిద్రపుచ్చాను. కాబట్టి నాకు పసిజమ రావాలి. నిద్రలేచాక ఇసుకలో నిలబెట్టి ఆయనకే ఒక పాఠం కూడా చెప్పాను. కాబట్టి బడిజమ కూడా రావాలి."

ఎవరూ సింహాసనం వైపు చూడడానికి సాహసించలేదు. శంఖపాలుడు మాత్రం ఆ మాటను తూచి చూశాడు. నియమం ప్రకారం తప్పేమీ కనిపించలేదు. గుమస్తా చేతిలోంచి గంటం తీసుకుని, ఎంతో శ్రద్ధగా అడిగాడు.

"ఆ పిల్లవాడి వయసెంత?"

రాజు పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకుని, సింహాసనం మీద ముందుకు వంగి తానే జవాబు చెప్పాడు.

"ఇప్పుడిప్పుడే మాట వినడం నేర్చుకుంటున్నాడని రాసుకో శంఖపాలా. జమలు రెండూ ఇచ్చెయ్."